గాజు పళ్లెంలో కరక్కాయ

గత సంవత్సరం వర్షాకాలంలో, నాట్లు ముగింపుకు వచ్చిన రోజుల్లో, కంకిపాడు ప్రాంతం నుంచి ఒక రైతు, ఆయన భార్య మా వైద్యశాలకు వచ్చారు. రైతుకు అరవై ఏళ్లు దాటాయి. పన్నెండేళ్లుగా మధుమేహం ఉన్నది. మడిలో నత్తగుల్ల గుచ్చుకుని కుడి అరికాలిలో, బొటనవేలి మొదట్లో ఏర్పడిన చిన్న గాయం పద్దెనిమిది రోజులలో పెద్ద వ్రణంగా మారింది. కట్టు విప్పేసరికి గదంతా దుర్వాసన వ్యాపించింది. ఆయన ముఖంలో మాత్రం బాధ కనిపించలేదు. చాలాకాలంగా మధుమేహం ఉన్నవారి పాదాలకు స్పర్శ తగ్గిపోతుంది. నొప్పి తెలియదు. అటువంటి వ్రణంలో మొదటి ప్రమాదం అదే.

"ఆసుపత్రిలో మాత్రలు ఇచ్చారు గదా, వాడుతున్నారా?" అని అడిగాను.

"మూడు రోజులు వేసుకుని మానేశారండీ. వేడి చేస్తున్నాయన్నారు. కరక్కాయ కషాయంతో కడుగుతున్నాం. కరక్కాయకు క్రిములు చస్తాయని కాలేజీ వాళ్లే తేల్చారు గదండీ ఆచార్యులు గారూ!" అన్నది ఆ ఇల్లాలు.

సంచిలో నుంచి ఆమె ఒక కత్తిరింపు తీసి నా ముందు పెట్టింది. ఎక్కడో ఒక కళాశాలలో కరక్కాయ సారాన్ని సూక్ష్మజీవులపై పరీక్షించగా అవి నశించినట్లు రుజువైందని అందులో నాలుగు వాక్యాలు ఉన్నాయి. ఆ కాగితానికి గుండుసూదితో గుచ్చి ఇంకొక కాగితం ఉన్నది. అది కొన్నేళ్ల క్రితం ఈ పుటలలోనే నేను త్రిఫలాలపై వ్రాసిన వ్యాసం. చీము పట్టిన వ్రణాలను కరక్కాయ కషాయం శుద్ధి చేస్తుందన్న వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉన్నది.

ఆ వాక్యం తప్పు కాదు. కానీ ఎటువంటి వ్రణాన్ని, ఎవరి వ్రణాన్ని, ఎప్పుడు కాచిన కషాయంతో అన్నది నేను వ్రాయలేదు. వారు ఒక పెద్ద గిన్నెడు కషాయం ఒకేసారి కాచి, అదే నీటితో నాలుగు రోజులు కాలు కడిగారట. కట్టు తిరిగి కట్టి, వచ్చిన ఆటోలోనే వారిని ఆసుపత్రికి పంపాను. ఆయనకు రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చింది. పాదం దక్కింది.

అప్పటి నుంచి ఈ వ్యాసం నాకు బాకీగా ఉన్నది.

ప్రయోగశాలలో చూసినది

నేను గురువుగారి ఇంట ఉండి చదువుకున్నవాణ్ణి. మా విజయవాడలోని డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వంటి చోట్ల నేటి విద్యార్థులకు లభించే ప్రయోగశాల శిక్షణ నాకు లేదు. అందుచేత ఆ నాలుగు వాక్యాల వెనుక ఉన్న పరీక్ష ఏమిటో కళ్లారా చూడవలెనని, ఔషధ శాస్త్రం బోధించే మా అన్నయ్య కుమార్తె వద్దకు వెళ్లాను. సంచిలో నా కరక్కాయలు కూడా తీసుకుపోయాను.

చైనా గ్రాసుతో ఇంట్లో తీపి పదార్థాలు చేసే గృహిణులకు అగర్ అంటే తెలుసు. సముద్రపు నాచు నుంచి వచ్చే ఆ పదార్థానికి సూక్ష్మజీవులకు ఇష్టమైన ఆహారం చేర్చి, ఆవిరి ఒత్తిడిలో శుద్ధి చేసి, మూత గల గాజు పళ్లెంలో సుమారు 4 మిల్లీమీటర్ల మందాన పోస్తారు. అది గడ్డకట్టిన తరువాత, మిల్లీలీటరుకు సుమారు 15 కోట్ల సూక్ష్మజీవులు ఉండే నీటిలో దూదిపుల్ల ముంచి, ఆ పళ్లెమంతా సమంగా పూస్తారు. పిమ్మట 6 మిల్లీమీటర్ల వెడల్పున చిన్న గుంటలు తీసి, ఒకదానిలో పరీక్షించదలచిన కాయ సారం, ఇంకొకదానిలో ఆ సారాన్ని కరిగించిన ద్రవం మాత్రమే, మరొకదానిలో జెంటామైసిన్ వంటి తెలిసిన ఔషధం వేసి, శరీరపు వేడి వంటి వేడిలో రాత్రంతా ఉంచుతారు.

మరునాడు ఉదయం ఆ పళ్లెం పట్టుకుని కిటికీ వద్ద నిలబడ్డాను. చల్లిన సూక్ష్మజీవులు నారుమడి వలె పళ్లెమంతా పలుచగా పరుచుకుని ఉన్నాయి. చౌడు పడిన చోట నారు మొలవనట్లు, కరక్కాయ సారం పోసిన గుంట చుట్టూ నిర్మలమైన వలయం ఏర్పడింది. ఉత్త ద్రవం పోసిన గుంట చుట్టూ ఏమీ లేదు. నా జీవితమంతా నేను నమ్మి వాడిన కాయ నా కళ్ల ముందు తన బలాన్ని చూపింది. సంతోషం కలిగిందని వ్రాయడానికి సంకోచం లేదు.

"బాబాయి గారూ, ఈ పక్క గుంట కూడా చూడండి," అన్నది మా అమ్మాయి. దాని చుట్టూ కూడా వలయమే. అది ఏ మూలిక అని అడిగితే, నిమ్మరసమని చెప్పింది. పులుపు ఎక్కువైతే చాలా సూక్ష్మజీవులు పెరగలేవు. వంటింటి వినెగార్ పోసినా వలయం వస్తుంది. ఉసిరి, చింత, వెలగ వంటి పుల్లని ఫలాల విషయంలో, ఆ పులుపును తటస్థం చేసి మళ్లీ పరీక్షించితే గాని వలయానికి కారణం ఆ ఫలం ప్రత్యేక గుణమా, కేవలం ఆమ్లమా అన్నది తేలదు. పత్రికలలో వచ్చే వార్తలలో ఈ సంగతి ఎన్నడూ కనిపించదు.

సారం తీసే ద్రవం సంగతి కూడా అంతే. ప్రయోగశాలలలో తరచుగా మిథనాల్ వాడతారు. అది విషం. దానిని ఆవిరి చేసి తొలగించిన తరువాతనే సారాన్ని వాడతారు గనుక పరీక్షకు దోషం లేదు. కానీ మిథనాల్‌లో దిగే పదార్థాలన్నీ మన ఇంటి కషాయంలోకి దిగవు. వార్తలో కనిపించిన కరక్కాయ సారం, పొయ్యి మీద మనం కాచుకున్న కరక్కాయ నీరు ఒకటే అనుకోరాదు.

పెడన వస్త్రం, తోలు, సూక్ష్మజీవి

అయితే కరక్కాయ చుట్టూ వలయం ఎందుకు వచ్చింది? దానిలో పులుపు కన్న వగరు అధికం. మన శాస్త్రం హరీతకికి ఉప్పు తప్ప మిగిలిన ఐదు రుచులూ చెప్పి, వాటిలో కషాయ రసానికి ప్రాధాన్యం ఇచ్చింది. ఆ వగరుకు మూలమైన టానిన్లు ఎండు కరక్కాయ పెచ్చులో సుమారు 30 శాతం వరకు ఉంటాయి. చెబులాజిక్ ఆమ్లం, చెబులినిక్ ఆమ్లం వాటిలో ముఖ్యమైనవి. గాలిక్, ఎలాజిక్ ఆమ్లాలు కూడా ఉంటాయి.

ఇవి ఎలా పని చేస్తాయో తెలుసుకోవడానికి ప్రయోగశాలకే పోనక్కరలేదు. బందరు సమీపాన పెడనకు వెళ్లి కలంకారీ అద్దకం చూసినవారికి సగం అర్థమవుతుంది. అక్కడ ముతక వస్త్రాన్ని మొదట కరక్కాయ నీటిలో నానబెడతారు. వస్త్రం లేత పసుపు రంగుకు తిరుగుతుంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీటిలో పులియబెట్టి చేసిన ద్రవంలో అచ్చును అద్ది ఆ వస్త్రంపై వేయగానే గాఢమైన నలుపు గీతలు పడతాయి. కరక్కాయలోని టానిన్ ఇనుమును పట్టి బంధించడమే ఆ నలుపు. ఇనుప కత్తిపీట మీద ఉసిరికాయ తరిగిన ఇల్లాలికి కూడా ఈ నలుపు తెలుసు. సూక్ష్మజీవులలో అధిక భాగానికి పెరుగుదలకు ఇనుము అవసరం. ఉన్న కొద్ది ఇనుమును టానిన్ పట్టేస్తే వాటికి ఆహారం కొరవడినట్లే.

ఇక తోలు సంగతి. పచ్చి చర్మాన్ని కుళ్లకుండా తోలుగా మార్చడానికి తరతరాలుగా వాడిన కాయలలో కరక్కాయ ఒకటి. చర్మంలోని మాంసకృత్తులను టానిన్ అల్లుకుని గట్టిపరుస్తుంది. సూక్ష్మజీవి పైపొరలోని మాంసకృత్తులతోనూ, అది ఆహారాన్ని జీర్ణించుకునే ఎంజైములతోనూ టానిన్ ఇదే విధంగా పెనవేసుకుంటుంది. కరక్కాయ ముక్క నమిలినప్పుడు నోరు పిడచకట్టుకుపోయినట్లు అనిపించడానికి కారణం కూడా ఇదే. లాలాజలంలోని మాంసకృత్తులను అది పట్టేసింది.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించవలెను. ఏ మాంసకృత్తు ఎదురైతే దానిని పట్టే స్వభావం టానిన్‌కు ఉన్నప్పుడు, చీము, రక్తం నిండిన వ్రణంలో అది మొదట దేనిని పడుతుంది? ఆ చీమునే, ఆ రక్తాన్నే. దాని బలంలో అధిక భాగం అక్కడే వ్యయమైపోతుంది. గాజు పళ్లెంలో చీము లేదు. కుళ్లిన మాంసం లేదు. ముదిరిన వ్రణాలలో సూక్ష్మజీవులు విడివిడిగా కాక జిగురుపొర అల్లుకుని దాని కింద దాగి ఉంటాయి. పళ్లెంలో ఆ జిగురుపొర కూడా లేదు.

సుశ్రుతుడికి ఈ సంగతి మరొక మార్గంలో తెలుసు. వ్రణానికి ఆయన చెప్పిన అరవై ఉపక్రమాలలో కషాయం ఒకటి మాత్రమే. కోయడం, చీల్చడం, చీము తీయడం కూడా ఆ అరవైలోనివే. మధుమేహం ఉన్నవారి వ్రణాలు అతి కష్టం మీద మానుతాయని కూడా ఆయన స్పష్టంగా చెప్పాడు. నా పాత వ్యాసంలో కషాయం గురించి వ్రాసి మిగిలినవి వదిలివేసింది నేను.

మా గురువుగారు దివిసీమలో

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నేను అవనిగడ్డ సమీపాన గురువుగారి ఇంట చదువుకుంటున్నాను. పదివేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. మిగిలినవారిలో ఒంటి మీద గాయం లేనివారు అరుదు. తాటిమట్టలు కోసినవి, రేకులు చీరినవి, ఉప్పునీటిలో నాని పాచిపోయిన పాదాలు. మూడు వారాలు నా పని త్రిఫలాలు దంచడం, కషాయం కాచడం. ఒక గిన్నె కాచితే ఆ పూటకే. మధ్యాహ్నానికి మిగిలినది గురువుగారు స్వయంగా పారబోసేవారు. అంత కట్టెల కరువులో కూడా పారబోయడం చూసి నాకు మనసు చివుక్కుమనేది.

పైపై గాయాలను ఆయన కషాయంతో కడిగి కట్టు కట్టేవారు. లోతైన గాయం, మురికి ఇనుము గుచ్చుకున్న గాయం చూస్తే మాత్రం చేయి వేసేవారు కాదు. "ఇది మన గిన్నెలోది కాదురా, శిబిరానికి తీసుకుపో" అనేవారు. శిబిరంలో ధనుర్వాతం టీకా వేసేవారు. ఆయన ఏ పళ్లెంలోనూ వలయం చూసి ఎరుగరు. గిన్నెకు గల హద్దు మాత్రం ఆయనకు తెలుసు.

పారబోసిన కషాయం మాట ప్రయోగశాలలో నాకు మళ్లీ గుర్తుకు వచ్చింది. క్రిములను హరించే కషాయంలో క్రిములు ఎలా పుడతాయని చాలామంది అడుగుతారు. పుడతాయి. మన విజయవాడ వేసవిలో రాత్రి కాచిన కషాయం మరునాటికి పులిసిన వాసన వేయడం, మూడో నాటికి పైన తెట్టు కట్టడం ఎవరైనా చూడవచ్చు. ఒక జాతి సూక్ష్మజీవిని ఆపగల సారం ఇంకొక జాతికీ, బూజుకూ ఆహారం కావచ్చు. కంకిపాడు రైతు కాలిపై నాలుగో నాడు పోసిన ద్రవం ఔషధమో, మురుగునీరో చెప్పలేము.

వలయం వెడల్పు, మోతాదు లెక్క

ఫలాని కాయకు 18 మిల్లీమీటర్ల వలయం, ఫలాని ఇంగ్లీషు మందుకు 22 మిల్లీమీటర్లు, కనుక రెండూ దాదాపు సమానమని వ్రాసే వార్తలను నమ్మవద్దు. వలయం వెడల్పు మందు బలాన్ని మాత్రమే కాక, అది అగర్‌లో ఎంత దూరం పాకగలదన్న దానిని కూడా చూపుతుంది. టానిన్ల వంటి పెద్ద అణువులు మెల్లగా పాకుతాయి. అదీగాక గుంటలో పోసిన కాయ సారం బరువెంత, మందు బరువెంత? ఒకటి మిల్లీగ్రాములలో, ఇంకొకటి మైక్రోగ్రాములలో ఉంటుంది. మిల్లీగ్రాములో వెయ్యో వంతు మైక్రోగ్రాము. మందుబిళ్లల పరీక్షకు 1966లో బావర్, కిర్బీ మొదలైనవారు ప్రామాణిక పద్ధతి ఏర్పరచారు. ఏ మందుకు ఎంత వెడల్పు వస్తే రోగికి పని చేస్తుందన్న పట్టికలు ఆ పద్ధతికి ఉన్నాయి. కాయల సారాలకు అటువంటి పట్టికలు లేవు.

అందుచేత రెండో మెట్టుగా, సారాన్ని సగానికి సగం పలుచన చేస్తూ పోయి, ఎంత తక్కువ మోతాదు వరకు సూక్ష్మజీవి పెరగకుండా ఆగుతుందో చూస్తారు. దీనిని కనిష్ఠ నిరోధక మోతాదు అనవచ్చు. కషాయాల రంగు, మడ్డితనం వల్ల కంటికి తెలియదు గనుక రెసజురిన్ అనే నీలిరంగు చేరుస్తారు. సూక్ష్మజీవులు బతికి ఉంటే అది గులాబీ రంగుకు మారుతుంది. ఆగినవి చచ్చినవా, నిద్రపోయినవా అన్నది తేల్చడానికి ఆ ద్రవాన్ని మందు లేని కొత్త పళ్లెంలో వేసి మళ్లీ చూస్తారు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కాయ సారానికి కనిష్ఠ నిరోధక మోతాదు మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు వచ్చిందనుకుందాం. పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆ రక్తమంతటా అదే మోతాదు నిలవాలంటే 10 గ్రాముల శుద్ధ సారం ఒకేసారి రక్తంలో ఉండవలెను. కరక్కాయ టానిన్లలో పెద్దవి పేగులను దాటి రక్తంలోకి ఆ రూపంలో పోనే పోవు. పేగులలోని సూక్ష్మజీవులు వాటిని విరిచి యూరోలిథిన్లు అనే వేరే పదార్థాలుగా మార్చివేస్తాయి. కనుక పళ్లెంలో వలయం చూసి, కషాయం తాగితే ఊపిరితిత్తులలో చీము తగ్గుతుందని, మూత్రకోశపు వాపు పోతుందని అనుకోవడానికి ఆధారం లేదు.

నోరు, చర్మం, పైపై గాయం వేరు సంగతి. అక్కడ కషాయం సూక్ష్మజీవిని నేరుగా తాకుతుంది. త్రిఫల కషాయంతో పుక్కిలించడాన్ని దంతవైద్యులు వాడే 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో పోల్చి మన దేశంలో అనేక పరీక్షలు జరిగాయి. చాలావాటిలో పళ్ల గార, చిగుళ్ల వాపు విషయంలో త్రిఫలానికి మంచి ఫలితమే వచ్చింది. అవి చిన్న పరీక్షలు. అయినా మనుషుల నోళ్లలో జరిగినవి గనుక పళ్లెం కన్న నాలుగు మెట్లు పైనివి.

ఆ మెట్లు ఎన్ని ఉంటాయో తెలియడానికి మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోవాలి. అమెరికా వెళ్లక ముందు ఆయన మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. పిమ్మట ఆయన లెడర్లే సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో, అక్కడ బెంజమిన్ డుగ్గర్ మట్టి నమూనాలు వెదకి 1945లో ఆరియోమైసిన్ ఇచ్చే సూక్ష్మజీవిని పట్టుకున్నారు. అది లోకానికి వెల్లడైనది 1948లో, సుబ్బారావు గారు మరణించిన సంవత్సరంలో. పళ్లెంలో వలయం చూసిన తరువాత శుద్ధి చేయడం, జంతువులలో విషగుణం చూడడం, రోగులకు ఇచ్చి చూడడం అనే మెట్లు ఎక్కడానికి మూడేళ్లు పట్టింది. పెన్సిలిన్‌కు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఫ్లెమింగ్ పళ్లెంలో వలయం చూసింది 1928లో, అది రోగి శరీరంలోకి ఎక్కింది 1941లో.

వలయం లేని మారేడు

ఇంతవరకు చదివి, పళ్లెంలో వలయం వస్తేనే ఇంత చిక్కు, రాకపోతే ఆ కాయ పనికిరానిదే గదా అని ఎవరైనా అనుకోవచ్చు. అది రెండో పొరపాటు. మారేడు పిందెను విరేచనాలకు వాడడం మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. ముంబై పరిశోధకులు మారేడు పిందె కషాయాన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. వారు తీసుకున్న ఆరు రకాల బాక్టీరియాలలో ఒక్కటి కూడా ఆ కషాయానికి చావలేదు. పళ్లెం వరకే చూసేవారైతే మారేడును అక్కడే వదిలివేసేవారు. వారు వదలలేదు. పేగు కణాల వంటి కణాలకు ఆ బాక్టీరియా అంటుకోవడం, లోపలికి చొరబడడం కషాయం వల్ల బాగా తగ్గినట్లు గమనించారు. కలరా విషం తయారీ, అది కణాన్ని పట్టుకోవడం కూడా తగ్గాయి. జియార్డియా అనే పరాన్నజీవి మీద, రోటావైరస్ మీద నేరుగా ప్రభావం కనిపించింది.

దొంగను చంపకుండానే తలుపు గడియ పెట్టడం వంటిది ఆ పని. మన శాస్త్రం మారేడు పిందెను గ్రాహి అన్నది గాని దానిని క్రిమిఘ్న గణంలో చేర్చలేదు. క్రిమిఘ్న గణంలో చరకుడు చెప్పిన వాయువిడంగాల వంటివి వేరు. మనవారిలో కొందరు క్రిమి అన్న ప్రతి చోటా బాక్టీరియా అని అర్థం చెప్పి సంబరపడుతూ ఉంటారు. చరకుడు చెప్పిన ఇరవై క్రిములలో అధిక భాగం ఏలికపాముల వంటివి. కంటికి కనిపించనంత సూక్ష్మమైనవి రక్తంలో ఉంటాయని ఆయన అన్న మాట నిజమే, ఆశ్చర్యకరమే. అంతమాత్రాన నేటి సూక్ష్మజీవశాస్త్రం అంతా అక్కడ ఉన్నదనడం చరకుడికి గౌరవం కాదు.

ఫలాలపై ఇన్ని కళాశాలలలో ఇన్ని పరీక్షలు జరగడం మంచిదే. మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతున్నాయి. జలుబుకు కూడా యాంటీబయాటిక్ కొనుక్కుని రెండు రోజులు వేసుకుని మానే అలవాటు పట్నాలలోనూ పల్లెలలోనూ ఉన్నది. చీటీ లేనిదే అమ్మరాదని 2014లో కొన్ని మందులను ప్రత్యేక జాబితాలో చేర్చారు. మందు అట్ట మీద నిలువు ఎర్ర గీతను గుర్తించమని 2016 నుంచి ప్రచారం చేశారు. ఆ గీత ఉన్న మందును వైద్యుడు చెప్పనిదే వేసుకోరాదు, చెప్పిన తరువాత మధ్యలో మానరాదు. ఆ రైతు చేసిన మొదటి పొరపాటు కరక్కాయ వాడడం కాదు, మాత్రలు మానడం.

ఇంట్లో వాడే పద్ధతి

ఇక నా పాత వ్యాసంలో వ్రాయక వదిలినవి.

కొత్తవి, బరువైనవి, నీటిలో వేస్తే మునిగే కరక్కాయలు ఎంచుకోవలెనని భావప్రకాశం చెబుతుంది. మన వన్‌టౌన్ దుకాణాలలో కొనేటప్పుడు రెండు కాయలు పగలగొట్టి చూడండి. లోపల పొడి రాలినా, పురుగు తొలిచినా, బూజు వాసన వేసినా తీసుకోవద్దు. గింజ తీసివేసి పెచ్చు మాత్రమే నలగగొట్టండి. ఒక వంతు పెచ్చుకు పదహారు వంతుల నీరు పోసి, నాలుగో వంతు మిగిలే వరకు కాచి, మరిగించిన నీటిలో ముంచి తీసిన శుభ్రమైన గుడ్డతో వడగట్టండి. ఇనుప పాత్ర వద్దు. పెడన నలుపు మీ గిన్నెలోనే తయారవుతుంది. స్టీలు పాత్ర చాలు.

గోరువెచ్చగా ఉన్నప్పుడు నోటి పూతకు, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నప్పుడు పుక్కిలించి ఉమ్మివేయవచ్చు. పైపైన గీరుకున్న గాయాన్ని ముందు సబ్బుతో, ధారగా పడే శుభ్రమైన నీటితో కడిగి, తరువాత ఈ కషాయంతో కడగవచ్చు. గర్భిణులు కరక్కాయను లోపలికి తీసుకోరాదు.

మధుమేహం ఉన్నవారి పాదం మీద ఏ గాయమైనా, ఎంత చిన్నదైనా, ఇంటి వైద్యానికి లొంగేది అనుకోకండి. ఆ పాదాన్ని ఏ కషాయంలోనూ నానబెట్టవద్దు. స్పర్శ లేని పాదానికి వేడి తెలియక బొబ్బలెక్కుతాయి, నానిన చర్మం ఇంకా చీలుతుంది. ఎవరికైనా సరే, గాయం చుట్టూ ఎరుపు పాకుతున్నా, వాసన వేసినా, జ్వరం వచ్చినా, నల్లబడినా, తుప్పు ఇనుము, మడి బురద, పశువుల పేడ తగిలిన గాయమైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ఆ మాట అక్కడ చెప్పండి.

కంకిపాడు రైతు ఇప్పుడు నెలకొకసారి వస్తారు. చెప్పులు విప్పించి రెండు పాదాలూ, వేళ్ల సందులూ వెలుతురులో చూస్తాను. ఆయన భార్య ఇంట్లో రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాళ్లు చూస్తున్నది. మొన్న వచ్చినప్పుడు ఆమె, "కషాయం పూట పూటా కాచాలంటే గ్యాసు దండగ గదండీ, ఫ్రిజ్‌లో పెట్టుకోకూడదా?" అని అడిగింది. అందుకని చెబుతున్నాను. ఒక చెంచా పెచ్చుకు పదహారు చెంచాల నీరు పోసి కాచితే నాలుగు చెంచాలు మిగులుతుంది. పుక్కిలించడానికి రెండు మూడు చెంచాల పెచ్చు చాలు. అంతే కాచండి. మిగిలితే పారబోయండి.